మా అత్త వంతు, కంపైలర్ వెతికే చోట్లు

మా అత్తకు కోపం వస్తే అరవదు, ఫోన్ ఎత్తడం మానేస్తుంది. అత్త అంటే మా నాయనకు సొంత చెల్లెలు. ప్రతి శుక్రవారం సాయంత్రం నాకు ఫోన్ చేసి, నేను ఉద్యోగం చేసే పీలమేడులో ఏం వండుకున్నానో అడుగుతుంది. నేను ఏం చెప్పినా "అదొక కూరా?" అని పెట్టేస్తుంది. వరసగా రెండు శుక్రవారాలు ఆ ఫోన్ రాలేదు. నేను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. చివరికి శనివారం పొద్దున మా అమ్మ అసలు సంగతి చెప్పింది. అత్త చేలో సాంబారులో వేసే చిన్న ఉల్లి వాడిపోతోందట, పన్నెండు రోజులుగా ఆ చేనికి బావి నీళ్ళు అందలేదట.

"ఏమిటికి అందలే? నాలుగో వంతు అత్తదే గదా?"

"నీ మిషను ఆమెని పిలవనే లేదంట. ఏం చేసిపెడితివో నీకే తెలియాల" అంది అమ్మ.

నాకు ఒళ్ళు మండింది. ఆ మిషను నేను చేసింది. అది నాలుగు ఇళ్ళనూ వరసగా పిలుస్తుందని నా కళ్ళతో నేను చూశాను. నా పనిలో తప్పు పట్టేవాళ్ళంటే నాకు పడదు. ఆ తప్పు నిజంగా ఉంటే అసలు పడదు.

మా ఊరు పళనికి పోయే దారిలో ఉంటుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలోనూ తమిళమే. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగంలో చేరాక, పక్క కుర్చీలోని విజయవాడ అమ్మాయి దగ్గర. మా ఇంటి తెలుగు విని ఆమె నవ్వుతుంది, ఆమె తెలుగు విని మా అమ్మ నవ్వుతుంది. ఆ నవ్వులతో ఇద్దరికీ స్నేహం కుదిరింది.

ఊళ్ళో మా తాత తవ్వించిన బావి ఒకటుంది. బావికి ఒకటే మోటారు. తాత పోయాక పెదనాయన, మా నాయన, చిన్నాయన రోజుకొకరు చొప్పున నీళ్ళు పెట్టుకునేవాళ్ళు. మాలో వంతుకు ఒక మర్యాద ఉంది. తన రోజు అయిపోయినవాడు సాయంత్రం నడిచి వెళ్ళి, తరువాతివాడితో "నా వంతు అయింది, రేపు నీది" అని నోటితో చెప్పాలి. చెప్పనిదే ఎవరూ మోటారు ముట్టుకోరు. ఎందుకు చెప్పలేదని అడగరు కూడా. అడిగి తీసుకుంటే అది వంతు కాదని మావాళ్ళ లెక్క.

మూడేళ్ళ కింద మా నాయనకూ చిన్నాయనకూ దీని మీదే చెడింది. ఒకాయన చెప్పానంటాడు, ఒకాయన చెప్పలేదంటాడు, ఇద్దరి చేలూ ఎండుతున్నాయి. నేను పనిచేసేది మిల్లు యంత్రాలకు ప్రోగ్రాములు రాసే ఆఫీసులో. మా మగవాళ్ళ రోషానికి ఒక ప్రోగ్రాం రాయలేనా అనిపించింది. మోటారు షెడ్డులో అరచేతంత కంప్యూటర్ ఒకటి పెట్టాను. అది సాయంత్రం ఆరింటికి మరుసటి వంతువాళ్ళకు ఫోన్ చేసి నా గొంతుతో "రేపు నీళ్ళు మీవి" అని చెబుతుంది. పొద్దున వాళ్ళ చేనివైపు వాల్వు తెరిచి మోటారు వేస్తుంది. అన్నదమ్ములు మళ్ళీ కలిసి టీ తాగడం మొదలుపెట్టారు.

అత్త సంగతి నిరుడు వచ్చింది. అత్త ఎక్కడికో పోలేదు, పెళ్ళయి పక్కవీధికే కాపురానికి పోయింది. అరవై ఆరేళ్ళ వయసులో ఒక రోజు ముగ్గురు అన్నదమ్ములనూ కూర్చోబెట్టి, తాత భూమిలో తన భాగం తనకు కావాలంది. ఏడాది పాటు మాటలు నడిచాయి. మా నాయన సరే అన్నాడు. చిన్నాయన గొణిగి గొణిగి సరే అన్నాడు. పెదనాయన సరే అనలేదు, కాదనీ అనలేదు, ఒక రోజు వచ్చి సంతకం పెట్టి పోయాడు. భూమితో పాటు బావిలో నాలుగో వంతు కూడా అత్తకు వచ్చింది. ఆ బావి నీళ్ళలో ఒక ఆడపిల్లకు వంతు రావడం అదే మొదటిసారి. ఆ నెలలోనే అత్త చిన్న ఉల్లి నాటింది. పీలమేడు నుంచే నేను ప్రోగ్రాంలో మూడిళ్ళను నాలుగిళ్ళు చేసి, నా ల్యాప్‌టాప్‌లో నడిపి చూసి, షెడ్డులోని కంప్యూటర్‌కు పంపి, అక్కడే కంపైల్ చేయించాను. మనం రాసినదాన్ని మిషనుకు అర్థమయ్యే భాషలోకి మార్చడమే కంపైల్ చేయడం, ఆ పని చేసేది కంపైలర్. ఉల్లి మొలిచే రోజుల్లో వానలు పడ్డాయి కాబట్టి వంతుల పని లేకపోయింది. వానలు ఆగాకే మిషను అసలు పని మొదలైంది.

ఆదివారం తెల్లవారి మొదటి బస్సెక్కి, దిగీ దిగగానే అత్త చేనికి పోయాను. ఉల్లి కాడలు పసుపెక్కి ఒరిగి ఉన్నాయి. గట్టు పక్కని రెండు సాళ్ళు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఇంటి కొళాయి నీళ్ళు బిందెతో మోసి ఆ రెండు సాళ్ళనూ బతికించుకుంటోంది. నన్ను చూసి ముఖం తిప్పుకుని బిందె కింద పెట్టింది.

"అత్తా, నాకొక ఫోన్ చేసుంటే చాలును గదా! అడగందే అమ్మైనా పెట్టదంటారే."

"అన్నం వేరే, నీళ్ళు వేరే అమ్మణీ. వంతు అడిగేది కాదు. వాకిటికి రావాల."

"మిషను తప్పుకి నన్నంటే ఎట్లా?"

అత్త నావైపు తిరిగింది. "ముగ్గురికీ సరిగ్గా పిలుస్తాది, నాకు మాత్రం పిలవదు. అది మిషను తప్పా? మీ చిన్నాయన నీకేమైనా చెప్పెనా? నిజం చెప్పు. నేనేమీ అనుకోను."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కోపంతోనే వచ్చాయని అప్పుడు అనుకున్నాను. చిన్నాయన చెబితే నేను అత్త వంతు తీసేస్తానా? చిన్నప్పుడు ఈమె చంకెక్కి తిరిగినదాన్ని. "ఇప్పుడే చూస్తాను, నువ్వు కూడా వచ్చి చూడు" అని గట్టిగా అనేసి షెడ్డుకు నడిచాను. ఆమె రాలేదు.

షెడ్డు దగ్గర మా నాయన ఉన్నాడు. మూడిళ్ళవాళ్ళకూ పాత పద్ధతిలోనే మూడు రోజులకొకసారి నీళ్ళు వస్తున్నాయట. నాలుగు రోజులకొకసారి రావాల్సినవి ముందే వస్తుంటే ఎవరికైనా అనుమానం రావాలి కదా అని అడిగాను. "ఫోను వస్తే పోతిమి" అన్నాడు నాయన, తల గోక్కుంటూ. ఎక్కువ నీళ్ళు వచ్చాయని ఫిర్యాదు చేసిన రైతు భూమ్మీద ఇంతవరకు పుట్టలేదు.

నా ల్యాప్‌టాప్ షెడ్డు కంప్యూటర్‌కు తగిలించి ముందు నేను పంపిన ప్రోగ్రాం చూశాను. నాలుగిళ్ళే ఉన్నాయి. అదే ప్రోగ్రాంను నా ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేసి నడిపాను. నాలుగు పిలుపులు వచ్చాయి. షెడ్డులో మళ్ళీ కంపైల్ చేసి నడిపాను. మూడే వచ్చాయి. ఒకటే ప్రోగ్రాం అక్కడొక మాట, ఇక్కడొక మాట చెబుతోంది. మనుషుల్లో అట్లాంటివాళ్ళను చాలామందిని చూశాను కానీ ప్రోగ్రాంలో చూడలేదు.

మొదటి అనుమానం లైబ్రరీల మీదికి పోయింది. ఏ ప్రోగ్రామూ ఒంటరిగా నడవదు. ఫోన్ చేయడానికి, వాల్వు తిప్పడానికి ఇతరులు రాసిపెట్టిన సిద్ధమైన ముక్కలు తెచ్చి కలుపుకుంటుంది. వాటినే లైబ్రరీలంటారు. ldd అని ఒక చిన్న ఆజ్ఞ ఉంది, అది ఒక ప్రోగ్రాం ఎవరెవరి మీద ఆధారపడి నిలబడిందో పట్టిక చెబుతుంది. అడిగితే ఆరు పేర్లు వచ్చాయి. నేను కోరి కలిపినవి రెండే. మిగతావి పిలవని పేరంటాళ్ళు, కంపైలర్ తనంతట తానే కలుపుకున్నవి. వాటిలో ఒకటి లేకపోతే నా రెండూ పనిచేయవన్నది వేరే సంగతి. రెండు కంప్యూటర్లలోనూ పట్టికలు పక్కపక్కన పెట్టి చూశాను. ఏదీ కనబడకుండా పోలేదు, ఏదీ పాతది కాదు. లైబ్రరీలది తప్పు కాదు.

"ఏమాయె?" అని వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. ఎప్పుడు వచ్చిందో, బిందె చంకన పెట్టుకునే వచ్చింది. తలుపు పక్క రాయి మీద కూర్చుంది.

"తెలియలేదత్తా. ఇళ్ళు నాలుగని రాసిన కాగితం పక్కనే ఉండాది. ఇది మూడంటాది."

అది నిజంగా కాగితం కాదు, ఆమెకు అర్థం కావాలని అట్లా అన్నాను. ఎన్ని ఇళ్ళు, ఎవరి నంబరు ఏది అన్న వివరాలను ఒక చిన్న ఫైలులో వేరుగా రాసుకుంటాం. దాన్ని హెడర్ ఫైలు అంటారు. ప్రోగ్రాం మొదట్లో "ఫలానా పేరు ఫైలు తెచ్చుకో" అని ఒక వాక్యం రాస్తాం. కంపైలర్ ఆ పేరు పట్టుకుని వెతికి తెచ్చుకుంటుంది.

"ఆ కాగితం ఎవరు తెస్తారు దానికి?" అంది అత్త.

"అదే పోయి తెచ్చుకుంటాది."

"యాడికి పోయి?"

చెప్పడానికి నోరు తెరిచి ఆగిపోయాను. పదేళ్ళుగా ఆ కంపైలర్‌తో బతుకుతున్నాను. అది ఎక్కడెక్కడికి పోయి వెతుకుతుందో ఒక్కనాడు కూడా అడగలేదు. తెచ్చిపెడుతోంది, నేను తీసుకుంటున్నాను. అత్తను అడగలేదని తిట్టడానికి వచ్చినదాన్ని, అడగడం నాకే తెలియదు.

"దాన్నే అడగాల అత్తా" అన్నాను.

"అడుగు మరి. అదేమన్నా నీకు అన్నదమ్ముడా, సిగ్గుపడేదానికి?"

నాయన ఫక్కున నవ్వాడు. అత్త నవ్వలేదు కానీ బిందె కింద పెట్టింది.

అడిగే పద్ధతి చాలా చిన్నది. కంపైలర్ చేతికి ఒక ఖాళీ ఫైలు ఇచ్చి, చేసే పనంతా పైకి చెబుతూ చెయ్యమనాలి. దానికి -v అన్న గుర్తు ఒకటి తగిలిస్తే చాలు. ఇంతకాలం నోరు మూసుకుని పనిచేసిన మనిషి గడగడా మాట్లాడినట్టు తెరనిండా వచ్చిపడింది. మధ్యలో నాకు కావలసినది కనిపించింది. "వెతకడం ఇక్కడ మొదలు" అని ఒక వరస, దాని కింద చోట్ల పేర్లు, ఆఖరున "వెతికే పట్టిక అయిపోయింది" అని ఇంకొక వరస.

ముందు నా ల్యాప్‌టాప్‌ను అడిగాను. పట్టికలో అన్నిటికంటే పైన నేను ప్రోగ్రాములు దాచుకునే ఫోల్డరు ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ముందు అక్కడే వెతకమని నేనే ఒక అమరిక పెట్టి, పెట్టిన సంగతే మరిచిపోయాను. తరువాత షెడ్డు కంప్యూటర్‌ను అడిగాను. మొదట కంపైలర్ సొంత ఫోల్డరు, ఆ వెనక /usr/local/include అనే ఉమ్మడి ఫోల్డరు, ఇంకా కింద మరి రెండు. నేను నాలుగిళ్ళ ఫైలు పెట్టిన చోటు ఆ పట్టికలో లేనే లేదు. ప్రోగ్రాం పక్కనే ఉన్నా దానివైపు కంపైలర్ తల తిప్పి చూడదు. ఫైలు పేరును కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే ముందు పక్కన చూస్తుంది, < > అనే కోణపు గుర్తుల మధ్య రాస్తే పట్టికలో ఉన్న చోట్లే చూస్తుంది. నేను కోణపు గుర్తులు రాశాను.

అయితే ఫైలు దొరకలేదని అది గోల పెట్టాలి కదా! పెట్టలేదు. అంటే అదే పేరుతో ఇంకొకటి ఎక్కడో దొరికింది. పట్టికలోని చోట్లు ఒక్కొక్కటే తెరిచాను. రెండోదాంట్లో ఉంది. మూడేళ్ళ కింద మిషను పెట్టిన రోజున, అన్నిటికీ అందుబాటుగా ఉంటుందని నేనే ఆ ఫైలును అక్కడ పెట్టాను. దాన్ని తెరిచాను. ఇళ్ళు మూడు అని ఉంది. ముగ్గురి నంబర్లు ఉన్నాయి. వాటి మీద, తరువాత చదివేవాళ్ళ కోసమని నేను రాసుకున్న వాక్యం ఒకటి ఉంది.

దొరికిందన్న సంతోషంతో కేక పెట్టినదాన్ని ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను.

"ఏం రాసుండాది?" అంది అత్త.

అత్తకు చదువు రాదు. ఏదో ఒకటి చెప్పి దాటేయవచ్చు. అట్లా అనిపించిన మాట కూడా నిజమే. కానీ పన్నెండు రోజులు నోరు తెరవకుండా బిందెలు మోసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది.

"మూడు ఇళ్ళు, ఇది మారదు, అని రాసుండాది" అన్నాను. "చిన్నాయన చెప్పలే అత్తా. ఎవరూ చెప్పలే. నేనేదాన్ రాసింది. అప్పుడు నాకు నువ్వు తట్టనే లేదు."

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. నేనూ ఆ ఇంటి ఆడపిల్లనే. తాతకు నలుగురు బిడ్డలని నాకు తెలియదా? అయినా నా చేతులతో మూడని కొట్టి, మారదని కూడా రాశాను. ఎవరూ అడగమనలేదు, నేనూ అడగలేదు. మా నాయన ముఖం పక్కకు తిప్పుకుని మోటారు స్టార్టరును చూస్తూ నిలబడ్డాడు.

అత్త కాసేపు నన్నే చూసింది. ఆ తరువాత ఆమె పొట్ట కదలడం మొదలైంది. నవ్వు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. "ఓ అమ్మణీ, నేను పన్నెండు దినాలుగా మీ చిన్నాయన్ని తిట్టని తిట్టు లేదే! ఆ పాపం యాడికి పోయేది ఇప్పుడు?" అంది. నాయనకూ నవ్వు అంటుకుంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి ముక్కు కారింది.

పాత ఫైలు తీసేశాను. కోణపు గుర్తులు మార్చి కొటేషన్ గుర్తులు పెట్టాను. కంపైల్ చేసి, ఏ ఫైలు ఎక్కడి నుంచి తెచ్చుకున్నావో చెప్పమని ఈసారి మరిచిపోకుండా అడిగాను. పక్కనున్నదే తెచ్చుకుంది. నడిపి చూస్తే నాలుగిళ్ళూ వచ్చాయి.

నాయన సంబరంగా, "ఇప్పుడే నీ చేనికి తిప్పేస్తాను, ఈ దినం నువ్వు పెట్టుకో" అన్నాడు. ఆ రోజు చిన్నాయనది, ఆయన్ను తాను అడుగుతానన్నాడు.

"వద్దు" అంది అత్త. నవ్వంతా ఎటు పోయిందో. "ఇంకొకరి వంతు నాకెందుకు? నాది వచ్చినప్పుడు వస్తాది."

వాడిపోయిన పైరుకు ఇంకొక రోజు ఎండ పడుతుందని నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. చిన్నాయన తరువాతి వంతు అత్తదే కాబట్టి ఒక్క సాయంత్రం దాకా ఆగితే చాలు. నేను ఆఫీసుకు ఫోన్ చేసి సోమవారం సెలవు చెప్పాను. కారణం అడిగితే ఉల్లికి నీళ్ళు పెట్టాలన్నాను. వాళ్ళు జోకు అనుకున్నారు.

ఆ సాయంత్రం ఐదున్నరకే అత్త వాకిట్లో చేరాం. నేను, అమ్మ, నాయన, అత్త నలుగురం ఒక ఫోన్ చుట్టూ కూర్చున్నాం. ఆరు కొట్టింది. మోగలేదు. నేను వంగి ఆ ఫోన్‌కు సిగ్నల్ ఉందా అని చూశాను. అర నిమిషం తరువాత మోగింది. అత్త తడబడి రెండు చేతులతో ఎత్తి చెవిన పెట్టుకుంది. "రేపు నీళ్ళు మీవి" అంటోంది లోపల నా గొంతు. పక్కనే నేను కూర్చుని ఉండగానే అత్త ఫోన్‌లోని నాతో "సరి అమ్మణీ, సరి సరి, తిన్నావా?" అంది. అది రికార్డు చేసిన గొంతని మాలో ఎవరూ చెప్పలేదు.

సోమవారం పొద్దున వాల్వు తెరుచుకుని నీళ్ళు కాలవలో పడ్డాయి. అత్త పార పట్టుకుని మడి మడికీ గట్టు తెంపుతూ, మూస్తూ, మధ్యాహ్నం దాకా ఒక్కచోట నిలబడలేదు. నేను సాయం పోతే తప్పుచోట గట్టు తెంపానని తరిమేసింది. సాయంత్రానికి కాడలు ఇంకా లేవలేదు కానీ నేల నల్లగా తడిసి, చేనంతా తడిమట్టి వాసన వేసింది. చాలా వరకు బతుకుతుందంది అత్త. ఆ మాట ఆమె నోట వినేదాకా నేను నీళ్ళు కూడా తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

కాళ్ళు కడుక్కుని, చీర మార్చుకుని, అత్త వీధిలోకి వచ్చింది. మరుసటి వంతు పెదనాయనది. ఆరింటికి ఆయనకు మిషను ఫోన్ చేస్తుందని చెప్పాను. "అది దాని పని" అని ముందుకు నడిచింది. నేనూ వెంట పోయాను.

పెదనాయన వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి. మోకాళ్ళు పట్టేసి ఈ మధ్య ఎవరు వచ్చినా కూర్చునే మాట్లాడుతున్నాడు. అత్త మంచానికి నాలుగడుగుల దూరంలో నిలబడి కొంగు సర్దుకుంది.

"అన్నా, నా వంతు అయింది. రేపు నీది."

ఆయన మంచం అంచుకు జరిగాడు. మంచం పట్టె పట్టుకున్నాడు. నేను పట్టుకోబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపి, ముందు ఒక మోకాలు, తరువాత ఒక మోకాలు నిలబెట్టుకుంటూ మెల్లగా లేచాడు. వంతు చెప్పడానికి వచ్చినవాళ్ళ ముందు మావాళ్ళు కూర్చుని ఉండరు. మా నాయన వచ్చినా చిన్నాయన వచ్చినా ఆయన లేచి నిలబడడం చిన్నప్పటి నుంచీ చూశాను. ఒక ఆడమనిషి ముందు లేవడం అప్పుడే చూశాను.

"సరి అమ్మణీ" అన్నాడు చెల్లెలితో.

తిరిగి వస్తుంటే వీధి మలుపు దాకా అత్త నాకంటే ముందే నడిచింది. మలుపు తిరిగాక నా చెయ్యి పట్టుకుంది. "లేచినాడు, చూస్తివా?" అంది.